తెరువని ల్యాప్‌టాప్ - తొందర తగదు
(మా సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గత నెలలో ఒక సోదరి మన సంఘ కార్యాలయమునకు వచ్చి, కీర్తిశేషుడైన తన భర్త సహాయనిధికి చెల్లించిన చందాల వివరము కోరినది. ఆమె యొద్ద రశీదులు లేవు. మన కాగితపు ఖాతాలకు చెదలు పట్టి ఏండ్లయినది. మిగిలినది 2003 లో కొన్న ల్యాప్‌టాప్ ఒక్కటియే. దానిని తెరువగా నల్లని తెరపై ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అను అక్షరములు మాత్రమే కనబడినవి.

ఒక మరమ్మతు దుకాణమువారు చూచి, ఫార్మాట్ చేసినచో నడచునని చెప్పిరి. యంత్రము నడచును, కాని ఖాతాల గతి యేమి? సాంచె ఆగినంత మాత్రమున మనము పడుగును కోసి పారవేయుదుమా? మొదట కరెంటు, పిదప పట్టా, పిదప నాడె, కండె చూతుము. ఇచ్చటను అట్లే చేయవలెనని నిశ్చయించితిమి. మేము నూలు వ్యాపారులము, మెట్రిక్ చదివినవారము, యంత్రశాస్త్రజ్ఞులము కాము. తెలిసినవారి నడిగి చేసిన క్రమమును మీకు మనవి చేయుచున్నాము.

ఆ సందేశమునకు అర్థము ఖాతాలు నశించినవని కాదు. యంత్రము మేల్కొనగానే తనను నడుపు ప్రోగ్రామును డిస్కులలో వెదకును. అది దొరకలేదని మాత్రమే చెప్పుచున్నది. కావున ముందుగా ఫ్లాపీ, సి.డి., పెన్‌డ్రైవ్ ఏవైన నున్నచో తీసివేయవలెను. వానిని చూచియే యంత్రము దారి తప్పవచ్చును.

పిదప సెటప్ తెర తెరువవలెను. కొన్నిటిలో ఎఫ్ 2, కొన్నిటిలో డిలీట్ మీట నొక్కవలెను. తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోయినచో లోపలి చిన్న బ్యాటరీ అయిపోయినదని గ్రహించి, దానిని మార్చి అమరికలను సరిచేయవలెను. ఆ తెరపై హార్డ్ డిస్కు పేరున్నదా లేదా యన్నది ముఖ్యము. పేరుండియు తెరువనిచో ఆరంభపు ప్రోగ్రాము చెడియుండవచ్చును. ఖాతాలు పదిలముగా నుండుటకు అవకాశము కలదు. డిస్కు టక్ టక్ మని మాటిమాటికి కొట్టుకొన్నచో వెంటనే ఆపి నిపుణుల కప్పగించవలెను. మరల మరల ప్రయత్నించిన కొలదియు నష్టము పెరుగును.

మన దానిలో చప్పుడు లేదు, పేరును లేదు. కరెంటు తీగను, పెద్ద బ్యాటరీని తొలగించి డిస్కును బయటికి తీసితిమి. కామత్‌ఘర్‌లో సాంచెల నూలు ధూళి చేరని చోటేది? కొసన ధూళి పేరుకొని యున్నది. మెత్తని కుంచెతో తుడిచి, గట్టిగా కూర్చి తెరువగా పేరు కనబడినది, యంత్రము మేల్కొన్నది.

అంతటితో పని ముగియలేదు. ఒకసారి మొరాయించినది మరల మొరాయించును. ఆ గంటలోనే ఖాతాలన్నిటిని రెండు వేరు డిస్కులకు ఎత్తితిమి. యంత్రము లేవకపోయి యుండినచో, ఆ డిస్కును అడాప్టరుతో మరియొక కంప్యూటరుకు తగిలించి నకలు తీసియుండెడివారము. అప్పుడు ‘ఫార్మాట్ చేయుదునా?’ అని అడిగినచో వలదనవలెను. నకలు ముందు, మరమ్మతు తరువాత: ఈ రెండు మాటలు గుర్తుంచుకొనుడు.

మరియొక చిక్కు గలదు. మన పాత తెలుగు పుటలు యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు లేనిచో అర్థము లేని గుర్తులుగా కనబడును. కావున ఫాంటును కూడ భద్రపరచితిమి. అందున్న విండోస్ ఎక్స్‌పీకి రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8 తో నిలిచినవి గనుక దానిని ఇంటర్నెట్‌కు కలుపలేదు.

ఆ సోదరి భర్త పేరును, తొమ్మిదేండ్ల చందాలును ఆ ఖాతాలో దొరికినవి. సాయము ఆ వారమే అందినది. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమల నుండి మన పెద్దలు వచ్చి ఇచ్చట స్థిరపడిరి. వారి పేర్లు ఇట్టి ఖాతాలలోనే మిగిలియున్నవి. యువకులారా! ఇండ్లలో మూలబడిన పాత యంత్రములను తూకమునకు అమ్మక మునుపు ఒకసారి కార్యాలయమునకు తెండు. లోపల ఎవరి జీవితమున్నదో చూచిన పిదపనే విడిచిపెట్టుదము.