ఏలూరు తివాచీ – మన బేరం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కొవ్వూరులో రైలెక్కితే నిడదవోలు, తాడేపల్లిగూడెం దాటి ఏలూరు. 2022 దాకా మనదీ ఏలూరుదీ ఒకటే జిల్లా. ఆ ఊరి ఉన్ని తివాచీ మనవాళ్ల చేతిపని. 1679లో మద్రాసు గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ ఏలూరు వచ్చినప్పుడు, ఈ నేతగాళ్ల పూర్వీకులు సుమారు నూరేళ్ల కిందట పర్షియా నుంచి వచ్చారని తన డైరీలో రాసుకున్నాడు.

పని ఎలా సాగుతుందో చూడండి. మగ్గం మీద నిలువుగా పడుగు పోగులు. వాటికి రంగు ఉన్నిని చేత్తో ముడివేసి, కత్తితో కోస్తారు. వరుస పూర్తయ్యాక పేక దారం పోనిచ్చి, దువ్వెనతో దట్టిస్తారు. చివరికి కత్తెరతో సమం చేస్తారు. అంగుళానికి నిలువున ఎనిమిది, అడ్డంగా ఎనిమిది ముడులనుకుంటే, 2×4 అడుగుల ఒక్క జానమాజ్‌కు 73,728 ముడులు. రోజుకు ఐదు వేలు వేసినా పదిహేను రోజుల పని.

అలాంటిదాన్ని మిల్లు తివాచీ ధరకు అడగడం న్యాయమేనా? 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళల మీద రాసిన గ్రంథంలో, ఎంతో గొప్పవైన మచిలీపట్నం తివాచీలు ఇంగ్లండు వర్తకుల చౌక బేరాల వల్లే చెడిపోయాయని బాధపడ్డాడు. ధర తగ్గితే ముడులు పలచబడతాయి. కూలి చాలకపోతే కొడుకు మగ్గం దగ్గర కూర్చోడు. నాడు లండన్ వర్తకుడు చేసిన పని, నేడు మసీదు కోసమంటూ మనం చేయకూడదు.

దాతలకు నా మనవి రెండే మాటలు. జకాత్ సొమ్ము మసీదు తివాచీకి పనికిరాదు, అది అర్హులకు చేరాలి. కాబట్టి అర్హత ఉన్న నేతగాడికి దానితో మగ్గమో, ఉన్నో కొని అతని సొంతం చేయండి. మసీదుకు తివాచీ కావాలంటే సదఖా, చందా సొమ్ముతో అతని దగ్గరే నేయించండి. ఈ రెండు లెక్కలూ ఉలమాలను అడిగి వేరువేరుగా రాయండి. ఊరంతటికీ పరిచే తివాచీ ఒక్కసారే నేయించలేకపోవచ్చు. ఇమాం గారు నిలబడే ఒక్క జానమాజ్‌తో మొదలుపెట్టవచ్చు. అడ్వాన్సు ముందే ఇవ్వండి, పని ముగిసిన రోజే మిగతా కూలి చేతిలో పెట్టండి.

సాయం కోసం చేయి చాచడం కంటే పని చేసి తలెత్తుకు నిలబడటమే ఆ నేతగాడు కోరుకునేది. ఆ గౌరవం అతనికి దక్కించే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.