ఇంటి కార్ఖానాలో ఆవిరి ట్రాక్షను ఇంజను



పసుపు తవ్వకాలు మొదలైనవంటే తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతాల్లో ఆవిరి బాయిలర్లు చక్రాలమీద ఊరూరూ తిరుగుతూ ఉంటవి. ట్రాక్టరు వెనుక తగిలించి పొలానికి తెస్తారు. మంట వేసి, పుట్టిన ఆవిరిని డ్రమ్ముల్లోని పచ్చికొమ్ములకు పట్టించి ఉడికిస్తారు. నీళ్లలో వేసి ఉడకబెట్టే పాత పద్ధతికన్న దీనివల్ల నీరూ, వంటచెరకూ రెండూ కలిసివస్తవి. మంచి పద్ధతే. అయితే ఆ బాయిలరు దగ్గర మంట వేసే కుర్రవాణ్ణి పిలిచి, "నాయనా, ఈ ముల్లు ఏమి చెబుతుంది? ఈ గాజుగొట్టం దేనికి?" అని ఒక్కసారి అడిగి చూడండి. చెప్పగలిగినవారు తక్కువ. ఒక ఊళ్లో సేఫ్టీవాల్వు మాటిమాటికీ ఆవిరి వదిలేస్తున్నదని దాని మీటకు తీగె చుట్టి గట్టిగా కట్టి ఉండగా నేను చూశాను. పాపం, ఆ వాల్వు చేసిన నేరమల్లా తన పని తాను చేయడమే! తీగె విప్పించి, మంట లాగించి, తరువాతనే మాటలు మొదలుపెట్టాను.

అప్పటినుంచి నాకు ఒక ఆలోచన. ఆవిరిని గురించి ఉపన్యాసం చెబితే వినేవాడు నిద్రపోతాడు. వాడి చేతనే ఒక చిన్న ఆవిరి ఇంజను చేయిస్తే జన్మలో మరచిపోడు. అది కూడా ఊరికే తిరిగే బొమ్మ గాక, నిజమైన ట్రాక్షను ఇంజనుకు పన్నెండవ వంతు నమూనా, మంట వేస్తే తనంతట తాను నడిచేది. లేతు మిషను, డ్రిల్లు, పట్టుడు, నాలుగు ఆకురాళ్లు ఉన్న ఇంటి కార్ఖానాలో ఇది సాధ్యమే. వ్యవసాయపు పనులు చూసుకుంటూ సాయంకాలాలు పనిచేసేవాడికి ఏడాది పైనే పడుతుంది. తొందరపడేవారు దీని జోలికి పోవద్దు.

ట్రాక్షను ఇంజను అంటే ఏమిటో చెప్పాలి గదా. మన పెద్దవాళ్లకు ఆవిరి రోడ్డురోలరు జ్ఞాపకం ఉంటుంది. ముందు పెద్ద ఇనుపదొర్లు, నడుమ పడుకొన్న బాయిలరు, దానిమీద పొగగొట్టం, పక్కన గుండ్రంగా తిరిగే ఫ్లైవీలు. ఆ రోలరు ఈ కుటుంబంలోదే. దొర్లు తీసివేసి వెనుక ఆరడుగుల ఇనుప చక్రాలు వేస్తే ట్రాక్షను ఇంజను అవుతుంది. మన దేశంలో టాటావారు 1948లో ఇంగ్లండులోని మార్షల్ కంపెనీ సహకారంతో ఆవిరి రోలర్ల తయారీ మొదలుపెట్టారు. ఇంగ్లండులో థామస్ ఆవెలింగ్ అనే ఆయన, గుర్రాలు లాగితేగాని కదలని ఆవిరి ఇంజనుకు 1859లో గొలుసు తగిలించి, దాని చక్రాలను అదే తిప్పుకొనేటట్లు చేశాడు. గుర్రాలు ఇంజనును లాగడమేమిటని ఆయనకు ఎబ్బెట్టుగా తోచింది కాబోలు! అంతకు ఏడాది ముందే, 1858లో, జాన్ ఫౌలర్ ఆవిరితో దున్నే పద్ధతికి అక్కడి రాయల్ వ్యవసాయ సంఘంవారి 500 పౌన్ల బహుమతి గెలుచుకొన్నాడు. ఆయన పద్ధతిలో ఇంజను చేలో దిగదు. గట్టుమీదనే నిలబడి, తాడుతో నాగలిని ఇటునుంచి అటు లాగుతుంది. పది టన్నుల బరువు చేలోకి దిగితే ఏమవుతుందో మన మాగాణి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మన వైపున ఆవిరి రాజ్యం రైలుదారిమీద, రైసుమిల్లులలో సాగినది. తెనాలినుంచి రేపల్లెకు రైలు 1916లో వచ్చింది. ఆ బళ్లను ఆవిరి ఇంజన్లే లాగినవి. డెల్టాలో ధాన్యపు మరలు ఎన్నో ఒకప్పుడు ఊక కాల్చి, ఆవిరితో తిరిగినవే. అంటే ఆవిరి మనకు కొత్తది కాదు. దాని సంగతి తెలిసిన మనుషులే తరిగిపోయారు.

ఇక కొలతల విషయం. పన్నెండవ వంతు అంటే అడుగుకు అంగుళం. ఆరడుగుల చక్రం ఆరంగుళాలు అవుతుంది. ఇక్కడ ఒక చిక్కు గమనించండి. పొడవు పన్నెండవ వంతైతే, వైశాల్యం నూట నలభై నాలుగవ వంతు, బరువు 1728వ వంతు. పది టన్నుల ఇంజను ఆరు కిలోలలోపుకు వస్తుంది. చంక కింద పెట్టుకొని పోవచ్చు. కాని ఆవిరి ఒత్తిడి మాత్రం కొలతలతోపాటు తగ్గిపోదు. చిన్నది గదా అని నాలుగు కిలోల ఒత్తిడి చిన్నపిల్లవాడిలాగా మెదలదు. మీ ఇంట్లో ప్రెషరు కుక్కరు ఈల వేసేటప్పుడు దానిలో చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. మన నమూనా బాయిలరులో దానికి నాలుగు రెట్లు.

అందుచేత బాయిలరును గురించి ఎక్కువగా చెబుతాను. మిగిలిన భాగాలు తప్పుపోతే ఇంజను తిరగదు, అంతే. బాయిలరు తప్పుపోతే మనిషి పోతాడు.

బాయిలరు రాగితో చేయవలె. 75 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మిల్లీమీటర్ల మందం గల రాగిగొట్టం మంచిది. లెక్క చూడండి. ఒత్తిడిని వ్యాసంతో హెచ్చించి, మందానికి రెండింతలతో భాగిస్తే గొట్టపు గోడమీద పడే లాగుడు తెలుస్తుంది. నాలుగు కిలోలను ఏడున్నర సెంటీమీటర్లతో హెచ్చిస్తే ముప్ఫై. అర సెంటీమీటరుతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 60 కిలోలు. కాల్చి మెత్తబడిన రాగి కూడా రెండువేల కిలోల దాకా తెగదు. కాబట్టి గుండ్రని గొట్టానికి భయం లేదు. భయమంతా మంటపెట్టె పక్కనుండే చదును రేకులతో. చదును రేకు ఒత్తిడికి బొర్ర పోసుకొంటుంది. అలా కాకుండా లోపలి రేకుకూ, బయటి రేకుకూ మధ్య రాగి కడ్డీలు బిగించాలి. వాటిని స్టేలు అంటారు. రెండేసి సెంటీమీటర్లకు ఒకటి పెడితే ఒక్కొక్క కడ్డీ నాలుగు చదరపు సెంటీమీటర్ల రేకును పట్టుకొంటుంది, అంటే దానిమీద 16 కిలోల లాగుడు. నాలుగు మిల్లీమీటర్ల కడ్డీ ఇంత బరువు సుఖంగా ఓర్చుకొంటుంది. స్టేలు ఎక్కువ పెట్టినందుకు ఏ బాయిలరూ పేలలేదు.

అతుకులు వెండి టంకంతోనే వేయాలి. మామూలు సీసం, తగరం కలిపిన టంకం సుమారు 183 డిగ్రీలకే కరిగిపోతుంది. నాలుగు కిలోల ఒత్తిడిలో ఆవిరి వేడి 150 డిగ్రీలు ఉంటుంది. నీరు కాస్త తగ్గి రేకు కాలిందా, ఆ అతుకు ఊడినట్టే. వెండి టంకం కరగాలంటే ఆరువందల డిగ్రీలు దాటాలి. ఈ పని తెలిసినవారు మన కంసాలులే. ఊళ్లో అనుభవం గల కంసాలిగారిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని, ఆయన చెప్పినట్లు చేస్తే తప్పులేదు. పెద్ద పనిముక్క కాబట్టి గాలిగొట్టం పొయ్యి చాలదు, గట్టి గ్యాసు మంట కావాలి. నీటిలో, ఆవిరిలో తడిసే కొళాయిలు, బిరడాలు ఇత్తడివి వద్దు. కొన్నేళ్లకు ఇత్తడిలోని జస్తా కరిగిపోయి, చూడడానికి బాగానే ఉండి, చేత్తో నలిపితే నలుగుతుంది. కంచుగాని గన్‌మెటల్ గాని వాడండి.

ఇక్కడ కొందరు మిత్రులు, ఇంట్లో పాతది రాగి బాయిలరు ఉన్నది గదా, స్నానానికి నీళ్లు కాచేది, అది పనికిరాదా అని అడుగుతారు. పనికిరాదు. అది పైన మూత తెరచిన చెంబువంటిదే. ఒత్తిడికోసం చేసినది కాదు. అలాగే పాత ఫ్రిజ్జు కంప్రెసరు డిప్ప, ఖాళీ గ్యాసు సిలిండరు, మంట ఆర్పే సిలిండరు, వీటికి రంధ్రం వేసి బాయిలరు చేశామని చెప్పేవారి మాట వినకండి. లోపల తుప్పు ఎంత తిన్నదో బయటికి కనపడదు. తెనాలి శిల్పులు ఇనుపతుక్కుతో, బోల్టులతో, నట్లతో నిలువెత్తు విగ్రహాలు చేసి దేశమంతటా పేరు తెచ్చుకొన్నారు. మీరు కూడ చక్రాలకు, ఫ్లైవీలుకు, చట్రానికి తుక్కు ఇనుము నిరభ్యంతరంగా వాడుకోండి. బాయిలరుకు మాత్రం తుక్కు వద్దు.

సిలిండరు సంగతి తేలికగా చెబుతాను. పదిహేడున్నర మిల్లీమీటర్ల రంధ్రం, పాతిక మిల్లీమీటర్ల నడక. పైన జారుడు వాల్వు ఆవిరిని ఒకసారి పిస్టనుకు ముందుకూ, ఒకసారి వెనుకకూ పంపుతుంది. వాడిన ఆవిరి పొగగొట్టంలోకి చిమ్మి, పోతూపోతూ పొయ్యిలో గాలిని లాగుతుంది. ఇంజను ఎంత గట్టిగా పనిచేస్తే మంట అంత గట్టిగా మండుతుంది. ఈ ఏర్పాటు ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే. నిమిషానికి మూడువందల చుట్లు తిరిగితే సిలిండరులో పుట్టే బలం ఒక గుర్రపుబలంలో సుమారు అరవయ్యవ వంతు. నవ్వకండి. ఫ్లైవీలుకు, వెనుక చక్రాలకు మధ్య పదహారింతల గేరు పెడితే, బేరింగు చక్రాల చిన్నబండిమీద కూర్చున్న పిల్లవాణ్ణి గచ్చునేలమీద నెమ్మదిగా లాగుకుపోతుంది. మొదటిసారి చేసేవారు వెనుకకు నడిపే ఏర్పాటు మానివేయండి. అది పెడితే పని రెట్టింపు అవుతుంది, కనపడే లాభం తక్కువ.

బాయిలరు అతికిన తరువాత, నిప్పు చూపకముందే పరీక్ష చేయాలి. లోపల గాలి ఏమాత్రం లేకుండ చల్లని నీటితో నింపి, చేతిపంపుతో ఎనిమిది కిలోల ఒత్తిడికి, అంటే వాడబోయే ఒత్తిడికి రెండింతలకు తెచ్చి, అరగంట ఉంచండి. ముల్లు దిగకూడదు, రేకు పొంగకూడదు, చెమ్మ కనపడకూడదు. ఈ పరీక్ష ట్యూబులకు గాలి కొట్టే యంత్రంతో ఎన్నడూ చేయవద్దు. నీరు నొక్కితే నొక్కుడుపడేది కాదు. అతుకు ఊడితే కొంచెం చిమ్మి ఊరుకొంటుంది. నొక్కిన గాలి అట్లా ఊరుకోదు, ముక్కలను విసరికొడుతుంది. ఆవిరి అంతకన్న దుర్మార్గురాలు. లోపల కాగిన నీటిలో కొంత భాగం, అతుకు తెగగానే ఒక్కసారిగా ఆవిరిగా మారుతుంది. ఒక లీటరు నీరు మామూలు గాలి ఒత్తిడిలో ఆవిరైతే సుమారు 1600 లీటర్ల చోటు కావాలి. పొలంలో పసుపు బాయిలరుకు తీగె కట్టిన మనిషి ఈ లెక్క తెలిస్తే కట్టేవాడు కాదు.

చట్టం సంగతి కూడా వినండి. మన దేశంలో బాయిలర్లకు 1923నాటి చట్టం చాలాకాలం నడచి, దాని స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్లలోపు పట్టే బాయిలరుకు ఈ చట్టం వర్తించదు. మన నమూనాలో పట్టేది ఒక లీటరులోపే కనుక రిజిస్ట్రేషను అక్కరలేదు. కాని పసుపు ఉడకబెట్టే బాయిలరు అట్లా కాదు. 25 లీటర్లు దాటి, ఒక కిలో ఒత్తిడికి మించి పనిచేసేదైతే ఇనస్పెక్టరు చూసి సర్టిఫికెట్టు ఇవ్వవలసిందే. అద్దెకు తెచ్చుకొనే రైతు, యజమానిని ఆ కాగితం చూపించమని అడగడం మొగమాటపడవలసిన విషయం కాదు.

నీటి మాట. రేపల్లె, బాపట్ల తీరగ్రామాల్లో బోరునీరు ఉప్పన. ఆవిరి పోయినా ఉప్పు లోపలే మిగులుతుంది. గొట్టాలకు గార పట్టి, నీరు నురగెత్తి సిలిండరులోకి పోతుంది. వాననీరు పట్టి, బట్టతో వడగట్టి వాడండి. మంటకు సరుగుడు బొగ్గు బాగా పనికివస్తుంది. చిన్న పెసరగింజ మొదలు చింతగింజ పరిమాణం వరకు పగలగొట్టుకోవాలి. ఊక వద్దు. దాని బరువులో అయిదవ వంతు బూడిదే మిగిలి, అంత చిన్న పొయ్యి క్షణంలో మూసుకుపోతుంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ ఇంజను ఒకటి తయారైతే పసుపు గ్రామాల్లో రైతు సమావేశాలకు తీసుకుపోండి. నీటిమట్టం గాజుగొట్టంలో దిగడం, పంపు కొడితే మళ్లీ ఎక్కడం, ఒత్తిడి నాలుగు కిలోలు దాటగానే సేఫ్టీవాల్వు లేవడం, ఇవన్నీ బాయిలరు నడిపే కుర్రవాళ్లచేత స్వయంగా చేయించండి. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల, 1983 నుంచి వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉన్నవి. నేను డిప్లొమా చదివినవాణ్ణే. గేరుపళ్ల లెక్కలో అనుమానం వస్తే అక్కడి ఉపాధ్యాయులను అడిగి తెలుసుకోవడమే నా పద్ధతి, మీరూ అదే చేయండి.

మొదటిసారి ఆవిరి పట్టేటప్పుడు పిల్లలను అయిదారు గజాల దూరంలో నిలపండి. గాజుగొట్టంలో నీరు సగానికి పైన ఉండగానే మంట మొదలుపెట్టండి. నీరు కనపడకుండా పోతే, అప్పుడు పంపు కొట్టి చన్నీళ్లు ఎక్కించకూడదు. ఎర్రగా కాలిన రేకుమీద చన్నీళ్లు పడడం మహా ప్రమాదం. బొగ్గు కిందికి లాగివేసి, దూరంగా వచ్చి, పూర్తిగా చల్లారేదాకా కూర్చోవలె. పొలంలోని పెద్ద బాయిలరుకు కూడా ఇదే పద్ధతి. పని ముగిశాక నిప్పు తీసి, ముల్లు సున్నకు దిగనిచ్చి, గోరువెచ్చగా ఉండగానే నీరంతా కింది కొళాయిగుండా దింపి, సిలిండరులో రెండు చుక్కలు నూనె వేసి, ఫ్లైవీలును చేత్తో నాలుగు చుట్లు తిప్పి పెట్టండి. సెలవు.