కప్పు మీది చీర మగ్గం మీదికి రావాలంటే

(బెంగళూరులో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లండులో కొందరు దర్జీలు, పరిశోధకులు కలిసి ఎనిమిదో హెన్రీ రాజు కాలపు బట్టలను మళ్లీ కుడుతున్నారు. అయిదొందల ఏళ్ల కిందటి బట్టలు మిగిలింది బహు తక్కువ. అందుకని హోల్బీన్ లాంటి చిత్రకారుల బొమ్మలు చూస్తారు, ఆనాటి బట్టల ఖాతాలు, వీలునామాలు చదువుతారు, ఆపైన కుట్టి చూస్తారు. 2006లో 'ది ట్యూడర్ టైలర్' అనే పుస్తకం కూడా వచ్చింది.

మరి మనకు అలాంటి బొమ్మలు లేవా? ఇక్కణ్ణుంచి సుమారు 120 కిలోమీటర్లు వెళితే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రస్వామి గుడి. కెంపేగౌడ 1537లో బెంగళూరు కోట కట్టించాడంటారు. ఆ గుడి బొమ్మలూ దాదాపు ఆ కాలానివే. అప్పుడు ఇంగ్లండును ఏలుతున్నది ఆ హెన్రీ రాజే. మనం స్వామికి దండం పెట్టుకుని వచ్చేస్తాం. ఈసారి తల ఎత్తి మంటపం కప్పు చూడండి. పార్వతీ కల్యాణంలో, ద్రౌపదీ స్వయంవరంలో ఆడవాళ్ల చీరల మీద చారలు, గళ్లు, పువ్వులు, రకరకాల అంచులు. మగవాళ్ల తలల మీద పొడుగాటి కుళ్లాయిలు. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహానికీ అలాంటి కుళ్లాయే ఉంది.

లేపాక్షి డిజైన్లని ఇప్పటికే చీరల మీదికి వచ్చాయి కదా అంటారు. వచ్చింది బొమ్మ, బట్ట కాదు. బొమ్మలో బట్ట ముఖమే కనబడుతుంది, వెనక్కి తిప్పి చూడలేం. నూలా, పట్టా? పువ్వు నేసిందా, అద్దిందా? పసుపు గీత జరీయా, పసుపు పోగా? అంచును మూడు నాడెలతో కలిపారా? గోడ ఎరుపు జేగురు మన్నుది. బట్ట ఎరుపు చిరివేరుదో, లక్కదో. చిత్రకారుడి రంగును చూసి మనం పోగుకు రంగు వేయలేం.

వీటికి జవాబు కంప్యూటరు ఒక్కటే చెప్పలేదు. చార పొడుగునా పోతే పడుగులో ఉంది, అడ్డంగా పోతే పేకలో ఉంది. మన ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన మాట ఇది. మడత పడే తీరు చూసి బట్ట బరువు ఇంత ఉంటుందని అంచనా కట్టే కళ్లు మన పెద్దలవి. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. బొమ్మలను కాపాడటానికి పురావస్తు శాఖ ఉంది. ఆ బొమ్మల్లో బట్టను చదివే విద్యను కాపాడాల్సింది మనమే.

అందుకే మూడు పనులు కోరుతున్నాం. ఒకటి, అవ్వ పెట్టెలో చీర ఉంటే పక్కన స్కేలు పెట్టి ముందూ వెనకా ఫొటో తీయండి. అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టి రాయండి. రెండు, ఆ అంచును, బుటాను ఇంట్లో ఏమని పిలిచేవారో పెద్దల గొంతుతోనే ఫోనులో రికార్డు చేయండి. మూడు, ఎవరికైనా పాత నమూనా నేసి ఇస్తే, డిజైను చేసినవారి పేరు పక్కన నేసినవారి పేరూ రాయించండి. లేపాక్షి కట్టించినవారి పేర్లు నిలిచాయి, ఆ చీరలు నేసినవారి పేరు ఒక్కటీ మనకు తెలియదు. మన పిల్లల విషయంలో అలా జరగనివ్వొద్దు.