ఆవకాయ ఓకే, కరివేపాకు నాట్ ఓకే: ఆర్వీలో బోర్డర్ దాటేటప్పుడు మన తిండి సంగతి

సియాటిల్ నుంచి బాన్ఫ్‌కి ఆర్వీలో వెళ్లిన వీడియో పెట్టాక, మీలో ఎక్కువమంది అడిగింది లేక్ లూయీస్ గురించి కాదు, మంచు కొండల గురించి కాదు. "అక్కా, ఫుడ్ ఎలా తీసుకెళ్లారు? బోర్డర్ దగ్గర పట్టుకోలేదా?" అని. మనవాళ్లం కదా, కొండలు తర్వాత, పప్పన్నం ముందు. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం తిండి గురించే.

ఆర్వీ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. మంచం, బాత్రూమ్, గ్యాస్ స్టవ్, ఫ్రిజ్ అన్నీ ఉన్న బండి. ఇల్లే రోడ్డెక్కినట్టు. కారులో అయితే ఒక కూలర్ పెట్టుకుంటాం, అందులో ఏముందో గుర్తుంటుంది. ఆర్వీలో అలా కాదు. ఫ్రిజ్‌లో సగం, పై అరల్లో సగం, సింకు కింద ఉల్లిపాయలు, సీటు కింద బియ్యం. బోర్డర్ ఆఫీసర్ "ఫుడ్ ఏమైనా ఉందా?" అని అడిగితే మనకే సరిగ్గా తెలీదు. ఆర్వీ ఇల్లులా ఉన్నా, బోర్డర్ దగ్గర మాత్రం అది బండే. ఆఫీసర్ లోపలికి ఎక్కొచ్చు, ఫ్రిజ్ తెరవొచ్చు, అరలన్నీ చూడొచ్చు.

అద్దెకి తీసుకున్న ఆర్వీ అయితే ఇంకో తంటా ఉంది. మీకన్నా ముందు తీసుకున్నవాళ్లు వదిలేసిన కమలాపండు ఫ్రిజ్ కింది డ్రాయర్‌లో దొర్లుతూ ఉండొచ్చు. బోర్డర్ దగ్గర మాత్రం అది మీ పండే. కాబట్టి బండి తీసుకున్న రోజే అన్ని డ్రాయర్లూ తెరిచి చూసుకోండి. బండిని కెనడాకి తీసుకెళ్లొచ్చని అద్దె కాగితంలో ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

ఇప్పుడు అసలు మాట. రూల్స్ చాలా ఉన్నాయి, మారుతూ ఉంటాయి, అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఒక్క పని మాత్రం మారదు: డిక్లేర్ చేయడం. ఉన్నది ఉన్నట్టు చెప్పేయడం. చెప్పారనుకోండి, వాళ్లకి వద్దనిపించిన వస్తువు తీసుకుని మిగతాది మీకిచ్చి పంపేస్తారు. మీకు పోయేది ఆ కరివేపాకు కట్టే. "ఏమీ లేదు" అన్నాక దొరికిందనుకోండి, అప్పుడు లెక్క వేరే. కెనడా వైపు జరిమానా 1,300 డాలర్ల వరకూ వేయొచ్చు. అమెరికా వైపు మనలాంటి మామూలు ప్రయాణికులకి మొదటిసారి సాధారణంగా 300 డాలర్లు, కానీ చట్టం ప్రకారం అది 10,000 డాలర్ల దాకా వెళ్లొచ్చు. నెక్సస్ కార్డో, గ్లోబల్ ఎంట్రీనో ఉన్నవాళ్లకి అది కూడా రద్దవ్వొచ్చు. ఇక్కడ వీసాల మీద ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పేదేముంది? మన పేరు పక్కన "అబద్ధం చెప్పారు" అనే ముక్క ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కకూడదు. మూడు డాలర్ల ఆకు కోసం అసలే వద్దు.

2018లో ఒకావిడ పారిస్ నుంచి అమెరికా వస్తుంటే విమానంలో యాపిల్ ఇచ్చారు. తర్వాత తిందాంలే అని బ్యాగులో పెట్టుకున్నారు. దిగాక కస్టమ్స్ వాళ్లు చూశారు. 500 డాలర్ల జరిమానా. ఫ్రీగా ఇచ్చిన యాపిల్‌కి! అప్పట్లో న్యూస్‌లో బాగా తిరిగింది ఈ కథ. చాలామంది అయ్యో పాపం అన్నారు, నేనూ అన్నాను. కానీ వాళ్ల దృష్టిలో యాపిల్ ఎవరిచ్చారన్నది కాదు, చెప్పారా లేదా అన్నదే లెక్క.

ఇంత పట్టింపు ఎందుకు అంటారా? దీనికి సమాధానం మన పోపుల గిన్నెలోనే ఉంది. కరివేపాకు చెట్టు నిమ్మ, నారింజ జాతికి చుట్టం. నారింజ చెట్ల రసం పీల్చే ఒక చిన్న పురుగు ఉంది, సిల్లిడ్ అంటారు, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది అంతే. దానికి కరివేపాకు అంటే మహా ఇష్టం. ఆ పురుగు మోసుకొచ్చే బ్యాక్టీరియా వల్ల నారింజ చెట్లకి వచ్చే జబ్బుని సిట్రస్ గ్రీనింగ్ అంటారు. కాయ పచ్చగానే ఉండిపోతుంది, చేదెక్కుతుంది, చెట్టు మెల్లగా చచ్చిపోతుంది. మందు లేదు. తమాషా ఏంటంటే కరివేపాకు చెట్టుకి మాత్రం ఆ జబ్బు రాదు. పురుగుకి ఇల్లు మాత్రం ఇస్తుంది.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనబడింది, జబ్బు 2005లో బయటపడింది. 2003–04 సీజన్‌లో ఆ రాష్ట్రంలో సుమారు 24 కోట్ల పెట్టెల నారింజ పండింది. 2022–23కి వచ్చేసరికి 2 కోట్ల పెట్టెలు కూడా లేవు. తుఫాన్లు కూడా దెబ్బకొట్టాయి, నిజమే, కానీ తోటల్ని ముందే గుల్ల చేసింది ఈ జబ్బే. కాలిఫోర్నియాలో 2012లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఇంటి పెరట్లో చెట్టుకి మొదటిసారి దొరికింది. తోటలో కాదండీ, పెరట్లో. అంటే ఇది పెద్ద కంపెనీల ఓడల వల్లే కాదు, మనలాంటి ఇళ్ల నుంచి కూడా మొదలవ్వొచ్చు.

"మరి ఇక్కడి ఇండియన్ గ్రోసరీలో కరివేపాకు అమ్ముతున్నారు కదా?" అంటారు. అది ఇక్కడి రూల్స్ ప్రకారం పెంచి, తనిఖీలు దాటి వచ్చిన ఆకు. కెనడాలో షాపుల్లోనూ తాజా ఆకు దొరుకుతుంది. ఆ చలికి అక్కడ నారింజ తోటలు లేవు కాబట్టి వాళ్లకి ఆ భయం లేదు. అక్కడ కొన్న ఆకు ఇటు తేవడమే కుదరదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వెళ్లేటప్పుడు ఒక దేశం రూల్, వచ్చేటప్పుడు ఇంకో దేశం రూల్. వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి వచ్చేటప్పుడూ అనరు అనుకోకండి.

మా ట్రిప్‌లో జరిగింది చెప్తా. తిరిగొచ్చేటప్పుడు సర్రేలో ఇండియన్ షాపులో ఆగాం. మా అత్తయ్య మూడు కట్టల కరివేపాకు, ఒక పెట్టె మామిడిపళ్లు తీసుకున్నారు. "అత్తయ్యా, ఇవి బోర్డర్ దాటనివ్వరు" అన్నాను. "అడిగితే ఇచ్చేద్దాంలేమ్మా, అడక్కపోతే పప్పులో వేసుకుందాం" అన్నారు. అడక్కపోయినా చెప్తానని అప్పుడే చెప్పేశాను. అబాట్స్‌ఫర్డ్ దాటి సూమస్ దగ్గర లైన్‌లో మా వంతు వచ్చింది. ఆఫీసర్‌కి నా దగ్గరున్న లిస్టు చదివాను: కరివేపాకు, మామిడిపళ్లు, చెర్రీలు, ఆవకాయ, కందిపొడి, చపాతీలు. ఆయన లోపలికొచ్చి చూశారు. కరివేపాకుని పేరుపెట్టి గుర్తుపట్టారు, రోజూ చూస్తారనుకుంటా. ఆకు, మామిడిపళ్లు తీసుకున్నారు. చెర్రీల పెట్టె మీద కెనడాలో పండినవని లేబుల్ ఉంది, అవి వదిలేశారు. ఆవకాయ సీసా మూత తీయకుండానే పక్కన పెట్టేశారు. జరిమానా లేదు, గొడవ లేదు, పది నిమిషాల పని.

బండి కదిలాక అత్తయ్య, "పండిన పళ్లమ్మా, ఏ పురుగూ లేదు వాటిలో. వాసన చూశావా?" అన్నారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. పెట్టెడు పళ్లు కళ్లముందే పోతే ఎవరికైనా చివుక్కుమంటుంది.

ఆ మామిడిపళ్ల సంగతి కొంచెం విప్పి చెప్పాలి. అమెరికా రూల్‌లో "కెనడాలో కొన్నది" వేరు, "కెనడాలో పండింది" వేరు. అక్కడ పండిన యాపిల్, చెర్రీ లాంటివి, లేబుల్ ఉంటే, సాధారణంగా రానిస్తారు. మామిడి, జామ, నిమ్మ, నారింజ కెనడాలో పండవు. ఎక్కణ్నుంచో అక్కడికి వచ్చినవి. ఇండియా మామిడి 2007 నుంచి అమెరికాకి వస్తోంది, కానీ రేడియేషన్ ట్రీట్‌మెంట్ చేశాకే, పండు లోపలి పురుగు బతక్కుండా. కెనడాకి ఆ షరతు లేదు. అందుకని పక్కపక్క దేశాల్లో రెండు పెట్టెలు ఒకేలా కనిపించినా ఒకటి కాదు. ఇంకోటి, పండు మీద స్టిక్కర్ పీకేయకండి. రోడ్డుపక్క తోటల దగ్గర కాగితం సంచిలో కొన్నవాటికి స్టిక్కర్ ఉండదు, కనీసం రసీదు దాచుకోండి. అప్పుడు కూడా ఫైనల్ మాట ఆఫీసర్‌దే.

మరి ఆవకాయ ఎందుకు ఓకే? అదీ మామిడికాయే కదా? ఉప్పు, కారం, నూనెలో ఊరాక అందులో పురుగు బతకదు, టెంక మొలకెత్తదు. ఒక మోటు గుర్తు చెప్తా. ఆకు, తొక్క, గింజ, వేరు, మట్టి ఉన్న పచ్చి సరుకంటే అనుమానం ఎక్కువ. ఉడికినా, వేగినా, ఊరినా, పొడైనా అనుమానం తక్కువ. పులిహోర, చపాతీలు, కందిపొడి, నెయ్యి, జంతికలు, ఇవన్నీ మాకు రెండువైపులా ఇబ్బంది పెట్టలేదు. అన్నీ చెప్పే తీసుకెళ్లాం.

ముడి బియ్యం దగ్గర కొంచెం జాగ్రత్త. ఖప్రా బీటిల్ అని ధాన్యం తినే పురుగు ఉంది. పేరు చూస్తేనే తెలుస్తుంది, అది మన ఉపఖండం నుంచే బయల్దేరింది. దాని లార్వా తిండి లేకుండా కూడా ఏళ్లు బతకగలదు. 1953లో కాలిఫోర్నియా గోదాముల్లో దొరికితే వదిలించుకోవడానికి 1966 దాకా పట్టింది. అందుకే ఇండియా నుంచి ఎవరో తెచ్చిన బియ్యం, శనగల మూటలు బండిలో పెట్టుకోకండి. బోర్డర్ దాటాక అక్కడే ఒక చిన్న సంచి కొనుక్కోండి, పోయేదేం లేదు.

మాంసం, గుడ్ల విషయంలో నేను ఇది ఓకే, అది కాదు అని చెప్పను. బర్డ్ ఫ్లూ లాంటివి వచ్చినప్పుడల్లా అవి మారిపోతాయి. నా సలహా, మారినేట్ చేసిన చికెన్ బోర్డర్ దాటించకండి. దాటాక కొనుక్కుని అక్కడే కలుపుకోండి, మసాలా పొడి ఎలాగూ ఉంటుంది. లేదు తీసుకెళ్లాలి అంటే బయల్దేరే ముందు రోజు చూసుకోండి. కెనడా ఫుడ్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ సైట్‌లో ఎయిర్స్ అనే టూల్ ఉంది. వస్తువు, ఏ దేశానిది, ఏ ప్రావిన్స్‌కి వెళ్తోంది అని కొడితే రూల్ చూపిస్తుంది. అమెరికా వైపుకి సీబీపీ సైట్ చూడండి. ఫోన్‌లో ఐదు నిమిషాల పని.

క్యాంప్‌ఫైర్ కోసం కట్టెలు మాత్రం అస్సలు వద్దు. కట్టెల్లో దాక్కుని ప్రయాణించే పురుగులున్నాయి. 2002లో డెట్రాయిట్, విండ్సర్ ప్రాంతంలో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ కోట్ల యాష్ చెట్లని చంపేసింది. ఎక్కడ కాలుస్తారో అక్కడే కొనండి.

కుర్రాళ్లకి ఇంకో మాట. గంజాయి గమ్మీలు వాషింగ్టన్‌లో లీగల్, బ్రిటిష్ కొలంబియాలో లీగల్. కానీ మధ్యలో ఉన్న గీత దాటించడం రెండు దేశాల్లోనూ నేరం. ఇది కరివేపాకులా ఇచ్చేసి వచ్చే వ్యవహారం కాదు, వీసా మీదకే రావొచ్చు. బండిలో ఫ్రెండ్స్ ఉంటే బయల్దేరే ముందే మొహమాటం లేకుండా అడగండి.

మా పద్ధతి ఇది. బోర్డర్‌కి ముందు రోజు రాత్రి క్యాంప్‌గ్రౌండ్‌లో "ఫ్రిజ్ ఖాళీ" వంట పెడతాం. మిగిలిన టమాటా, పచ్చిమిర్చి, క్యారెట్, బీన్స్ అన్నీ ఒకే ఉప్మాలో పడిపోతాయి. ఒకసారి అందులో సగం క్యాబేజీ కూడా పడింది, ఆ రుచి గురించి మాట్లాడుకోవద్దు. తర్వాత మిగిలినవన్నీ ఒక కాగితం మీద ఇంగ్లిష్‌లో రాస్తాం. ఇంట్లో చేసిన పొడుల డబ్బాల మీద టేపు అంటించి ఏంటో రాస్తాం. లేబుల్ లేని ఎర్రపొడి, తెల్లపొడి కవర్లు చూస్తే ఎవరికైనా అనుమానమే కదా. లిస్టు డ్రైవర్ పక్క సీట్లో ఉన్నవాళ్ల చేతిలో ఉండాలి. మాట్లాడేది ఒక్కరే. వెనకనుంచి పిల్లలు "అమ్మా, చిప్స్ కూడా ఉన్నాయి" అంటే నవ్వి అది కూడా చెప్పేయండి.

కుక్కని తీసుకెళ్లేవాళ్లు దాని తిండి కూడా లిస్టులో రాయండి, అందులోనూ మాంసం ఉంటుంది. విడి కవర్‌లో పోసుకోకుండా కంపెనీ సంచితోనే పెట్టుకోండి. సరే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆర్వీ స్టవ్ మీద దోసెలు వస్తాయా రావా చూద్దాం. ఉంటా మరి.