పెద్దవారి పలువరుస

సుమ్మాదేవి చుట్టుప్రక్కల జీడిపప్పునకు కొదువలేదు. అయినను ముందుపళ్లు ఒకదానినొకటి తాకనివారు పప్పును కొరుకలేరు. ప్రక్కకు త్రోసికొని దవడపళ్లతో నమలవలసినదే. ముప్పదియేండ్లు దాటినపిదప, దవడ కోయకుండ, ఈ అవస్థ తీరునా? పెక్కుమందికి తీరునని మా సమాధానము.

పెద్దవారి దవడ పెరుగదు. కాని పంటిచుట్టునున్న యెముక బ్రతికినంతకాలము మారుచునే యుండును. తీగవలన వత్తిడి పడినవైపు ఎముక కరగును, ఎదుటివైపు క్రొత్తది పుట్టును. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగును. ఎముకలో తాత్కాలికముగా బిగించు చిన్నమరలను గూర్చి జపాను వైద్యుడు కనోమి 1997లో ప్రకటించెను. వాని ఊతతో దవడపళ్లను లోనికి అణచినచో ముందుపళ్లు దగ్గరపడును. దవడయే మిక్కిలి ముందుకు వచ్చియున్నచో మాత్రము శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. పళ్లను వంచి లోపమును కప్పవచ్చునేగాని దవడ చిన్నదికాదు.

ఉద్దానమువారికి మేము వేరొక మాట చెప్పవలసియున్నది. తీగ బిగించిన రెండుమూడు దినములు పళ్లు సలుపును. అంతట అంగడికిపోయి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు కొని మ్రింగువారు కలరు. మూత్రపిండవ్యాధి అనేకులను బాధించుచున్న కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పల్లెలలో ఇది చేయరానిపని. ఆ వ్యాధి తొలుత తన ఉనికిని తెలియనీయదు. కావున క్లిప్పులు వేయించుకొనుటకు ముందే రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించి, ఫలితమును దంతవైద్యునికి చూపుడు. ఇందుకై దూరము పోనక్కరలేదు. పలాసలో 2023లో మూత్రపిండవైద్యమునకు ఆసుపత్రి ఏర్పడినది. నొప్పికి పారసిటమాల్ మేలు, అదియు వైద్యుడు చెప్పిన మోతాదులోనే.

చిగుళ్లనుండి నెత్తురు కారుచున్నచో మొదట దానిని మాన్పించుకొనవలెను. చికిత్సకు రెండేండ్లు పట్టవచ్చును. క్లిప్పులు తీసినపిదపను రాత్రులందు పట్టీ ధరింపవలెను. పళ్లు పాతచోటికి మరలుటకే చూచుచుండును.