ఎర్రనేలలో నేలసంపెంగ

దుంపనుండి పూచే పూలమీద మక్కువ గలవారు మొట్టమొదట డాఫొడిల్‌ను కోరుతారు. ఆరు రేకుల నడుమ పసుపుపచ్చని గిన్నె. ఆ అందము అటువంటిది. ఉర్దూ కవిత్వము తెలిసినవారికి ఆ జాతి పువ్వు నర్గిస్ అనే పేరుతో పరిచయమే. కాని సిద్దిపేట జిల్లా ఎర్రవల్లి వంటి గ్రామములో దానిని ఎంత ప్రేమతో నాటినా ఆకులు వేసి ఊరకుంటుంది. దుంపలో దాగిన పూకాడ పైకి సాగడానికి సుమారు 12 మొదలు 16 వారాలపాటు ఎడతెగని చలి కావలె. మన పుష్యమాసపు చలి దానికి చాలదు. కాశ్మీరువంటి చోట్లనే దానికి సుఖము.

ఆ ముచ్చటను మన పెరటిలో తీర్చగలది నేలసంపెంగ. ఉర్దూలో గుల్‌షబ్బో అంటారు. పూలబజారులో దానికే లిల్లీ అని పేరు. పేరుకు సంపెంగయే గాని, దాని చుట్టరికము పొలముగట్లమీది కిత్తనారతో! మెక్సికో దీని పుట్టినిల్లు.

ఇందులో ఒంటిరేకుది, ముద్దది అని రెండు తెగలున్నవి. కాడతో కోసి గాజుపాత్రలో అమర్చుకొనడానికి ముద్దపువ్వే నిండుగా ఉంటుంది. అయినా ఇంటి పెరటికి నేను ఒంటిరేకునే ఎన్నుకుంటాను. పరిమళములో ముద్దపువ్వు దానికి సరితూగదు. వాసన లేకపోయిన తరువాత నేలసంపెంగను పెంచడమెందుకు? బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ రెండు తెగలను సంకరపరచి శృంగార్ అనే ఒంటిరేకు రకాన్ని రూపొందించినది. వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగును అది తట్టుకుంటుంది. వంగ, టమాటా పండించిన మడులలో ఈ పురుగు తరచు నిలిచి ఉంటుంది గనుక, పెరటి తోటకు ఈ గుణము చిన్నది కాదు. మొగ్గకు లేత గులాబిచాయ కావాలనేవారికి అదే సంస్థవారి ప్రజ్వల్ ఉన్నది.

ఎర్రవల్లి పేరులోని ఎరుపు అక్కడి చల్కనేలలోనూ ఉన్నది. నీరు త్వరగా ఇంకే ఆ నేల దుంపకు అనుకూలమే. సారము తక్కువ గనుక బాగా మాగిన పశువుల ఎరువు ధారాళముగా కలపవలె. మృగశిరకార్తె వానలకు నేల పదునైన పిమ్మట, ఉసిరికాయంత దుంపలను ఏరి, మొన పైకి ఉండేటట్లు మూడు వ్రేళ్ళ లోతున, జానెడు ఎడముతో నాటండి. మొలక కనబడేవరకు నీరు మితముగా పోయవలె. నీరు నిలిచిందా, దుంప కుళ్ళినదన్నమాటే. మూడు నాలుగు నెలలకు పూకాడ వస్తుంది. మొగ్గలు సందెవేళ విచ్చి రాత్రి గుబాళిస్తవి. కనుక సాయంకాలము రేడియో పెట్టుకొని కూర్చునే వసారా పక్కన మడి వేసుకోవడము మేలు.

పూసిన దుంప మరల పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లదుంపలు పూస్తవి. రెండు మూడేండ్లకు మడి కిక్కిరిసి కాడలు సన్నబడుతవి. అప్పుడు ఆకులు పసుపుబారిన పిదప నీరు మాని, గుంపును త్రవ్వి తీసి, మన్ను దులిపి, గాలి తగిలే నీడలో నెల పైచిలుకు ఆరనీయండి. పెద్దవాటిని కొత్త మడిలో నాటవలె. గోలీలంత చిన్నవాటిని పారవేయక వేరుగా ఒక మూల నాటుకోండి. అవి బలిసి పూయడానికి మరొక ఏడాది పడుతుంది.