హాజరు పట్టీ చెప్పే నిజం

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఉద్యోగాల్లో వాటా గురించి, నీళ్ల గురించి, నిధుల గురించి ఇలాంటి వేదికల మీద చాలా మాట్లాడుకున్నాం. ఇవాళ మేం ఒకటో తరగతి గురించి మాట్లాడతాం. ఇదేం చిన్న విషయం కాదు. వాటా తెచ్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని అందుకునే పిల్లల్ని తయారు చేసుకోవడం మరో ఎత్తు. డిగ్రీ సీటు, గ్రూప్స్ పరీక్ష, డీఎస్సీ ర్యాంకు... వీటన్నిటికీ పునాది పడేది ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలోనే. ఐదో తరగతికి వచ్చి కూడా రెండో తరగతి వాచకం కూడబలుక్కునే పిల్లకి రేపు ఏ జీవో ఉద్యోగం ఇస్తుంది?

ముందు లెక్కలు చూద్దాం. విజయనగరాన్ని విద్యల నగరం అంటారు. గురజాడ బతికిన ఊరు. మహారాజా కాలేజీ, సంగీత కళాశాల ఉన్న ఊరు. కానీ 2001 జనాభా లెక్కల్లో ఆ జిల్లా అక్షరాస్యత 51.07 శాతం. శ్రీకాకుళానిది 55.31. పదేళ్లు గడిచి 2011 వచ్చేసరికి విజయనగరం 58.89, శ్రీకాకుళం 61.74. 2014 తర్వాత మిగిలిన 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క ప్రకారం కింది నుంచి మొదటిది విజయనగరం, మూడోది శ్రీకాకుళం. పశ్చిమ గోదావరి 2001 నాటికే 73 శాతం దాటింది. ఆ మెట్టు మన రెండు జిల్లాలూ 2011కి కూడా ఎక్కలేకపోయాయి. విజయనగరం ఆడవాళ్లలో సగం మందికి 2011లో అక్షరం రాదు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. ఆనాడు అక్షరం రాని ఆ ఆడపిల్లల్లో ఎందరో ఇవాళ తల్లులు. వాళ్ల బిడ్డలు ఇప్పుడు మన బడుల్లో ఉన్నారు. ఇంటికెళ్తే పలక పట్టుకుని చెప్పేవాళ్లు లేని పిల్లలు వీళ్లు. వీళ్లకి బడే అంతా. బడి తప్పితే వేరే దిక్కు లేదు.

ఇప్పుడు ఏ పల్లెకైనా వెళ్లి గవర్నమెంటు బడి హాజరు పట్టీ తిప్పి చూడండి. ఊరు మొత్తం కనిపించదు. ఊళ్లో సగమే కనిపిస్తుంది. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లలు పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కి పోతారు. పట్టీలో మిగిలేది దళితవాడ పిల్లలు, వెనకబడిన కులాల కూలీల పిల్లలు, కొండల్లో అయితే సవర, జాతాపు, గదబ పిల్లలు. కొన్ని ఇళ్లలో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు ఊరి బడికి నడుస్తుంది. ఊరి పెద్దల పిల్లలు ఎప్పుడైతే పోయారో, అప్పుడే బడి గురించి గట్టిగా అడిగే గొంతు కూడా పోయింది. గోడ కూలితే అడిగేవాడు లేడు, మాస్టారు పోస్టు ఖాళీగా ఉంటే అడిగేవాడు లేడు.

అదే పట్టీలో మరో సంగతి ఉంది. గైర్హాజరు గుర్తులు. వాటిని చూసి ఈ పిల్లలకి చదువు మీద ధ్యాస లేదనేస్తారు. ధ్యాస కాదు, వలస! 2011 లెక్కల్లో ప్రతి వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళంలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లున్నారు. మగవాళ్లు విశాఖ, విజయవాడ, హైదరాబాద్, చెన్నై పోయి కట్టడం పనుల్లో ఉన్నారు. తీరం ఊళ్ల వాళ్లు గుజరాత్ దాకా వేటకి పోతున్నారు. 2018 నవంబరులో అక్కడ పాకిస్తాన్‌కి చిక్కిన మత్స్యకారులు మన జిల్లాల బిడ్డలే. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరే దారి దొరకలేదు. కుటుంబం కుటుంబం పోయినచోట పిల్ల కూడా పోతుంది. మూడు నెలల తర్వాత తిరిగొచ్చే సరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు. ఆ మూడు నెలల పాఠం ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక మాస్టార్ల లెక్క. ఇది ఉద్యోగ మిత్రులకి బాగా తెలుసు. పాలకులు టీచర్లని తలల లెక్కన ఇస్తారు, తరగతుల లెక్కన కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. ఒకటి, రెండు తరగతులకి మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి ఐదు దాకా నాలుగేసి. వెరసి పద్దెనిమిది. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, మీటింగుకి పోయినా ఒక్క మనిషి ఐదు తరగతులకి పద్దెనిమిది సబ్జెక్టులు చెప్పాలి. ఏ కాన్వెంటులో అయినా ఇలా జరుగుతుందా? తల్లి ఇది చూస్తుంది. అప్పు చేసైనా పిల్లని మార్చేస్తుంది. పిల్లలు తగ్గారని టీచర్ని తీసేస్తారు. టీచరు పోయాడని ఇంకో నలుగురు పిల్లలు పోతారు. చివరికి పిల్లలే లేరు, బడి ఎందుకు అంటారు. బావిలో నీళ్లు తోడేసి, ఊరికి దాహం లేదని తీర్పు చెప్పినట్టుంది ఇది.

2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించే దారి వేసింది. టీచర్ల సంఘాలు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో ఆ జీవోని పక్కన పెట్టి, పిల్లలు తగినంత మంది ఉన్న ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు అన్నారు. తరగతికో టీచరు అన్న మాట మంచిదే. అది ఉద్యమాల వల్ల వచ్చిన మాట. కానీ పిల్లలు తక్కువున్న చిన్న బడి సంగతేమిటి? మన జిల్లాల్లో కొండ గూడేలు, తీరం పల్లెలు, చిన్న చిన్న పేటలే ఎక్కువ. తలల లెక్క ఉన్నంత కాలం మొదటి దెబ్బ మనకే తగులుతుంది.

ఫలితం ఏమిటో అసర్ సర్వేలు చెప్పాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో దాదాపు 60 శాతం. కరోనా తర్వాత, 2022లో 36 శాతం. బడులు మూసిన కాలంలో ఇంట్లో ఫోను, చదివిన తల్లి ఉన్న పిల్ల తట్టుకుంది. మన హాజరు పట్టీలో మిగిలిన పిల్లకి ఆ రెండూ ఎక్కడివి?

ఇప్పుడు కొండల మాట. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సవర పిల్ల ఇంట్లో సవర మాట్లాడుతుంది. బడిలో తెలుగు, ఆపైన ఇంగ్లీషు. తన భాషలో ఒక్క మాట వినకుండానే మొదటి ఏడాది గడిచిపోతుంది. ఈ సమస్యని వందేళ్ల కిందటే గిడుగు రామమూర్తి గుర్తించారు. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరిపేవాళ్లు, ఆయన సవర చదువు సంగతి మాత్రం మరిచిపోతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తెచ్చారు. పుస్తకం ఉంటే చాలదు, అది చదివి చెప్పే మనిషి ఉండాలి. ఆ మనిషిని ఇచ్చింది 2000 జనవరి నాటి మూడో నంబరు జీవో. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదంది. రిజర్వేషన్ శాతం మీద వాదన ఉండొచ్చు. కానీ ఆ పిల్లతో ఆమె భాషలో మాట్లాడే టీచరు ఉండాలా వద్దా అన్న ప్రశ్న కోర్టు తీర్పుతో తీరిపోలేదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను వీలైనంత వరకు మాతృభాషలో చెప్పమంటుంది. ఆ వీలు కల్పించాల్సింది ప్రభుత్వం కాదా?

ఇంగ్లీషు వద్దని మేం అనడం లేదు. కూలివాడి బిడ్డకి ఇంగ్లీషు కావాలని తల్లి అడిగితే ఆమె ఆశలో తప్పు లేదు. తెలిసిన భాషలో చదవడం వచ్చిన పిల్లకి ఇంగ్లీషు నిలుస్తుంది. ఏ భాషా చదవడం రాని పిల్లకి మీడియం మారిస్తే పుస్తకం అట్ట మాత్రమే మారుతుంది.

మరి మనం ఏం చేయాలి? విద్యార్థి మిత్రులారా, మీ ఊరి బడికి వెళ్లండి. ఎందరు పిల్లలు, ఏ వాడల వాళ్లు, ఎందరు వలస పోయారు, ఎందరు రెండో తరగతి పాఠం చదవగలరో పేరు పేరునా రాయండి. రాజధానిలో సగటు లెక్క వేస్తారు, ఆ సగటులో మన పిల్ల కనపడదు. మీ కాగితంలో కనపడాలి. ఉద్యోగ మిత్రులారా, బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్లుండాలని చట్టం చెప్తోంది. ఆ తల్లుల పక్కన కూర్చుని అర్జీ రాసిపెట్టండి. చిన్న బడికైనా ఇద్దరికి తగ్గని టీచర్లు, వలస కాలంలో పిల్లలుండే సీజనల్ హాస్టళ్లు, ప్రతి గూడెంలో పిల్లల భాష వచ్చిన టీచరు. ఈ మూడూ అడగండి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు.

మాస్టారిని తిట్టి ఇంటికి పోవడం తేలిక. ఒక్కడి మీద పద్దెనిమిది సబ్జెక్టులు మోపినవాళ్లని అడగడమే అసలు పని. వచ్చే జూన్‌లో బడి తెరిచే రోజున మీ ఊరి హాజరు పట్టీలో పేర్లు తగ్గాయో పెరిగాయో చూడండి. తగ్గితే ఆ పిల్లలు ఎక్కడికి పోయారో ఇంటింటికీ వెళ్లి అడగండి. ఆ జవాబులు పట్టుకుని మండలాఫీసు ముందు కూర్చుందాం.